ఉక్కును కోసేటప్పుడు ధార కాదు, చుక్కలు: ఎంక్యూఎల్ పద్ధతిని అమర్చుకోవడం ఎలా

లేత్ మీద పని నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ నీటిలో కలిపి వాడే, పాలలా తెల్లగా ఉండే సాల్యుబుల్ ఆయిల్ టూల్ మీద ధారగా పడుతూ ఉండడం కంటికి అలవాటైన దృశ్యమే. నిమిషానికి పదుల లీటర్ల చొప్పున పారే ఆ ధారను కట్టేసి, గంటకు 10 నుంచి 50 మిల్లీలీటర్ల నూనెను మాత్రమే గాలితో కలిపి కోత అంచు మీదికి పంపి, అదే ఉక్కును అంతే నాణ్యంగా కోయవచ్చని చెబితే చాలామంది వెంటనే నమ్మరు. ఈ పద్ధతి పేరు మినిమమ్ క్వాంటిటీ లూబ్రికేషన్. షాపుల్లో ఎంక్యూఎల్ అంటారు. దీన్ని ప్రయత్నించి, రెండు రోజుల్లో ఇన్సర్టులు (టూల్ కొనలో బిగించే, అరిగితే తిప్పుకునే చిన్న కోత ముక్కలు) పాడయ్యాయని పరికరాన్ని విప్పి మూలన పెట్టిన షాపులను నేను చూశాను. వాటిలో ఎక్కువ చోట్ల లోపం పద్ధతిలో లేదు, అమర్చిన తీరులోనే ఉంది. ఆ అమరికను మొదటి నుంచి చివరి దాకా ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మాట గాలిలో ఉండకుండా ఒకే జాబ్‌ను, అంటే కోయవలసిన ఒకే ముక్కను, ఉదాహరణగా పట్టుకుందాం. 50 మి.మీ. వ్యాసం ఉన్న ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు) షాఫ్ట్‌ను కంప్యూటర్ నడిపే ఒక మామూలు సీఎన్‌సీ టర్నింగ్ మెషీన్ మీద, కోటింగ్ ఉన్న కార్బైడ్ ఇన్సర్ట్‌తో టర్నింగ్ చేస్తున్నాం, అంటే జాబ్‌ను తిప్పుతూ కోస్తున్నాం అనుకోండి. కటింగ్ స్పీడ్ నిమిషానికి 200 మీటర్లు, ఫీడ్ (టూల్ ముందుకు జరిగే దూరం) ఒక చుట్టుకు 0.25 మి.మీ., కోత లోతు 2 మి.మీ. ఈ లెక్కన స్పిండిల్ సుమారు 1270 ఆర్‌పీఎంతో తిరుగుతుంది.

నూనె చేసే పని ఏమిటో ముందుగా తెలుసుకోండి

పై కొలతలతో కోసినప్పుడు టూల్ మీద పడే కోత బలం సుమారు 1000 న్యూటన్లు ఉంటుంది. ఆ బలాన్ని వేగంతో గుణిస్తే దాదాపు 3.3 కిలోవాట్ల శక్తి ఖర్చవుతున్నట్టు తేలుతుంది, అందులో దాదాపు అంతా వేడిగానే మారుతుంది. ఇప్పుడు గంటకు 30 మిల్లీలీటర్ల నూనెను తీసుకోండి. దాని బరువు సుమారు 27 గ్రాములు. ఆ నూనె మొత్తం గది వేడి నుంచి మరో 200 డిగ్రీలు వేడెక్కినా అది తీసుకుపోగలిగేది సుమారు 3 వాట్లు మాత్రమే. అంటే పుట్టిన వేడిలో వెయ్యో వంతు. నూనెలో కొంత భాగం ఆవిరైనా ఈ లెక్క పెద్దగా మారదు. నూనెతో పాటు వచ్చే గాలి మరికొంత వేడిని తీసుకుపోతుంది కానీ, అది కూడా ధారగా పారే కూలెంట్‌తో పోల్చదగినది కాదు.

కాబట్టి ఎంక్యూఎల్‌లో నూనె చల్లబరచడానికి లేదు. రాపిడిని తగ్గించడానికి ఉంది. చిప్ (తెగి వచ్చే లోహపు పొట్టు) ఇన్సర్ట్ పైముఖం మీద రాసుకుంటూ జారే చోట, కోసిన ఉపరితలం ఇన్సర్ట్ పక్కముఖానికి రాసుకునే చోట ఒక పలుచని పొరలా నిలబడి, అక్కడ పుట్టబోయే వేడిని పుట్టకముందే తగ్గించడం దాని పని. ఇక లోహం తెగేటప్పుడు పుట్టే వేడిలో అత్యధిక భాగాన్ని చిప్ తనతోపాటు మోసుకుపోవాలి. ఈ అమరికలో మనం తీసుకునే ప్రతి నిర్ణయం, నాజిల్ కోణం నుంచి స్పీడ్ ఎంపిక దాకా, ఈ రెండు విషయాల మీదే ఆధారపడి ఉంటుంది: నూనె సరైన చోటికి చేరాలి, వేడి చిప్‌తో వెళ్లిపోవాలి.

ధారగా పోయడమనే అలవాటు ఊరికే పుట్టలేదు. టూల్ మీద పెద్ద ధారగా నీరు పోస్తే కటింగ్ స్పీడ్‌ను 30 నుంచి 40 శాతం దాకా పెంచవచ్చని అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ తన ప్రయోగాల్లో చూపించారు. 1906లో అమెరికన్ సొసైటీ ఆఫ్ మెకానికల్ ఇంజినీర్స్ ముందు ఆ ఫలితాలను వివరించారు. అయితే ఆయన కాలంలోని టూళ్లు కార్బన్ స్టీలువి, హైస్పీడ్ స్టీలువి, వేడెక్కితే మెత్తబడేవి. హైస్పీడ్ స్టీల్ సుమారు 600 డిగ్రీలు దాటితే గట్టిదనాన్ని కోల్పోతుంది. నేడు మనం వాడుతున్న కోటింగ్ కార్బైడ్ అంతకంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. అది భయపడేది వేడికి కాదు, వేడి ఒక్కసారిగా పెరిగి ఒక్కసారిగా తగ్గడానికి. తిరిగే పళ్ల కట్టరుతో కోసే మిల్లింగ్‌లో పన్ను కోతలోకి వెళ్లినప్పుడు మండి, బయటికి వచ్చిన వెంటనే కూలెంట్ పడి చల్లారితే, అంచుకు అడ్డంగా దువ్వెన పళ్లలాంటి సన్నని పగుళ్లు వస్తాయి. ఉక్కును కార్బైడ్‌తో మిల్లింగ్ చేసేటప్పుడు కూలెంట్ కట్టేస్తేనే ఇన్సర్ట్ ఎక్కువ కాలం నిలబడడం చాలామంది ఆపరేటర్లు అనుభవంలో చూసిన విషయమే.

ఏ పనికి తీసుకోవాలి, దేన్ని వదలాలి

ఈఎన్8, ఈఎన్9, ఈఎన్19, ఈఎన్24 లాంటి సాధారణ, మిశ్రమ ఉక్కుల టర్నింగ్, ఫేస్ మిల్లింగ్, ఎండ్ మిల్లింగ్, వ్యాసానికి మూడింతలకు మించని లోతు ఉన్న డ్రిల్లింగ్: వీటితో మొదలుపెట్టండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు వేడి త్వరగా బయటికి పోదు, పైగా కోతలో గట్టిపడే గుణం ఉంది కనుక దాన్ని మొదటి ప్రయత్నానికి ఎంచుకోకండి. గ్రైండింగ్‌లో వేడి చిప్‌తో పోవడానికి బదులు ఎక్కువగా జాబ్‌లోకే దిగుతుంది; ఉపరితలం కాలిపోతుంది. అందువల్ల గ్రైండింగ్ మెషీన్‌కు కూలెంట్ అలాగే ఉంచండి. గన్ డ్రిల్లింగ్ లాంటి లోతైన రంధ్రాల్లో చిప్స్‌ను బయటికి తోసేదే ద్రవం కాబట్టి అక్కడా వద్దు.

మెషీన్‌ను సిద్ధం చేయడం

ముందుగా పాత సాల్యుబుల్ ఆయిల్ ట్యాంకును ఖాళీ చేసి, బెడ్, టర్రెట్ (టూళ్లు బిగించే తల), చిప్ ట్రే అన్నీ శుభ్రంగా తుడవండి. నీటితో కలిసిన పాత నూనె మరకల మీద కొత్త నూనె పడితే రెండూ కలిసి జిగురుగా మారి స్లైడ్‌వేల మీద పట్టేస్తాయి; తరువాత వాటిని గోకడం చాలా కష్టం. తీసేసిన పాత కూలెంట్‌ను షాపు వెనుక కాలువలో పోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. వాడిన నూనె, నూనె కలిసిన వ్యర్థాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి; అనుమతి ఉన్నవారికే అప్పగించి, ఆ రసీదును దాచుకోవాలి.

తరువాత చిప్స్ సంగతి చూడాలి. మన ఉదాహరణలో కోత ఆగకుండా సాగితే నిమిషానికి దాదాపు 785 గ్రాముల చిప్స్ రాలతాయి, అవీ సెగలు కక్కుతూ. కూలెంట్ ఉన్నప్పుడు అవి కడుక్కుపోయి ట్రేలో పడేవి. ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడే కుప్పగా ఉండి బెడ్‌ను వేడెక్కిస్తాయి. బెడ్ ఒక పక్క వేడెక్కితే మెషీన్ సూటితనమే మారుతుంది. చిప్ కన్వేయర్ ఉంటే దాన్ని ఆగకుండా నడపండి. లేకపోతే ఏటవాలుగా ఒక రేకు అమర్చి చిప్స్ జారి నేరుగా ట్రేలో పడేలా చేయండి, ప్రతి అయిదారు జాబ్‌లకు ఒకసారి కొక్కెంతో లాగేయండి. గాలి గన్‌తో ఊదాలనిపిస్తుంది కానీ, వేడి చిప్ కంట్లో పడితే చూపు పోవచ్చు. తప్పనిసరిగా ఊదవలసి వస్తే గాలి పీడనాన్ని 2 బార్ లోపే ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని, డోర్ దగ్గరికి వేసి ఊదండి.

గాలి

ఎంక్యూఎల్ పరికరానికి 4 నుంచి 6 బార్ పీడనంతో, ఎగుడుదిగుడు లేకుండా గాలి అందాలి. కంప్రెసర్ దగ్గర 7 బార్ చూపించినంత మాత్రాన మెషీన్ దగ్గర అంత ఉంటుందని అనుకోకండి. పొడవాటి గొట్టం, లీకయ్యే జాయింట్లు కలిసి ఎంత తినేస్తాయో మెషీన్ దగ్గర గేజ్ పెట్టి, నాజిల్ తెరిచి ఉంచి చూస్తేనే తెలుస్తుంది. మెషీన్ పక్కనే ఫిల్టర్, రెగ్యులేటర్ ఉన్న యూనిట్‌ను బిగించండి. ఫిల్టర్ 5 మైక్రాన్లది అయితే మంచిది.

గాలిలోని తేమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్ర తీరపు ఊళ్లలో, వానాకాలంలో అయితే హైదరాబాద్‌లో కూడా, కంప్రెసర్ ట్యాంకులో ఒక్క షిఫ్టుకే చెప్పుకోదగినంత నీరు చేరుతుంది. ఆ నీరు నూనెతో కలిసి నాజిల్‌లోకి వస్తే స్ప్రే తడబడుతుంది, ఇప్పుడే కోసిన మెరిసే ఉపరితలం మీద సాయంత్రానికి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. ప్రతిరోజూ ఉదయం మొదటి పనిగా ట్యాంకు కింది డ్రెయిన్ వాల్వ్ తెరిచి నీటిని వదిలేయండి.

నూనె ఎంపిక

దీనికోసమే తయారైన సింథటిక్ ఎస్టర్ నూనెలు, శాకతైలాల నుంచి తయారైన నూనెలు, ఫ్యాటీ ఆల్కహాల్ రకాలు దొరుకుతాయి. ఉక్కు టర్నింగ్‌కు ఎస్టర్ రకాన్ని ఎంచుకోండి. అది లోహానికి బాగా అంటుకుని ఉంటుంది, మంట అంటుకునే ఉష్ణోగ్రత ఎక్కువ, పొగ తక్కువ. డబ్బా మీద ఫ్లాష్ పాయింట్ 200 డిగ్రీల కంటే ఎక్కువ ఉందో లేదో చూసి కొనండి. సాల్యుబుల్ ఆయిల్‌ను నీటితో కలిపి ఈ పరికరంలో పోయకండి. హైడ్రాలిక్ ఆయిల్, పాత ఇంజిన్ ఆయిల్ ఎంతమాత్రం వద్దు, ఎందుకంటే ఇక్కడ నూనె తుంపరగా మారి మీ ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

శాకతైలమే కదా, వంటింట్లోని వేరుశనగ నూనె పోస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. కోతకు అది పనికివస్తుంది, నిల్వకే పనికిరాదు. శుద్ధి తప్ప మరే మార్పూ చేయని వంటనూనె గాలి తగిలి, వేడి తగిలి వారాల్లోనే చిక్కబడి బంకలా మారుతుంది. సన్నని గొట్టాలను, పంపును మూసేస్తుంది. ఆముదం సంగతి వేరు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల్లో విరివిగా పండిన పంట అది, లోహం మీద నిలిచే గుణంలో దానికి సాటి వచ్చే నూనెలు తక్కువ. కానీ 40 డిగ్రీల దగ్గర కూడా అది మామూలు ఎంక్యూఎల్ నూనెల కంటే అనేక రెట్లు చిక్కగా ఉంటుంది. మార్చకుండా పోస్తే నాజిల్ దాన్ని తుంపరగా చీల్చలేదు. ట్యాపింగ్‌లో (రంధ్రంలో మరలు కోయడంలో) చేత్తో రాయడానికి మాత్రం ఆముదం చక్కగా ఉపయోగపడుతుంది.

నాజిల్ గురి

ఈ పద్ధతి గెలిచేదీ ఓడేదీ ఇక్కడే కనుక ఈ మెట్టుకు ఒక పూట పూర్తిగా కేటాయించండి.

నాజిల్‌ను వంగే ప్లాస్టిక్ గొట్టం మీద నిలబెట్టకండి. మెషీన్ అదురుకు, చిప్ తగిలిన దెబ్బకు అది మెల్లగా తిరిగిపోతుంది. నూనె పక్కకు పోతున్నా స్ప్రే కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. రాగి గొట్టాన్ని కావలసిన వంపుకు వంచి, టర్రెట్‌కు లేదా టూల్‌హోల్డర్‌కు క్లాంపుతో బిగించండి. అప్పుడు టూల్ ఎటు కదిలినా నాజిల్ దానితోనే కదులుతుంది.

నాజిల్ మూతి నుంచి కోత అంచుకు దూరం 20 నుంచి 30 మి.మీ. ఉండాలి. మరీ దగ్గరైతే చిప్ దాన్ని కొట్టి వంచేస్తుంది. దూరమైతే తిరిగే చక్ పుట్టించే గాలి తుంపరను చెదరగొడుతుంది. నాజిల్ ఒక్కటే ఉంటే దాన్ని ఎటువైపు నుంచి గురిపెట్టాలన్నది ముఖ్యమైన ప్రశ్న. పైనుంచి, చిప్ మీదుగా కొట్టడం చూడడానికి సహజంగా అనిపిస్తుంది. అయితే పైకి లేచే చిప్ గొడుగులా అడ్డుపడి నూనెను లోపలికి పోనివ్వదు. కింది వైపు నుంచి, ఇన్సర్ట్ పక్కముఖానికీ జాబ్‌కూ మధ్య ఉండే సన్నని సందులోకి గురిపెడితే అక్కడ అడ్డం ఏమీ ఉండదు, తుంపర నేరుగా అంచుకు చేరుతుంది. రెండు నాజిళ్లు ఉంటే ఒకటి కింది నుంచి, రెండోది పైముఖం మీదికి పక్కవాటుగా పెట్టండి.

గురి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేయండి. స్పిండిల్ ఆపి, వాడేసిన పాత ఇన్సర్ట్‌ను గుడ్డతో పొడిగా తుడిచి హోల్డర్‌లో బిగించండి. స్ప్రేను మూడు సెకన్లు తెరిచి కట్టేయండి. ఇన్సర్ట్‌ను విప్పి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద, వెలుతురుకు వాలుగా పట్టుకుని చూడండి. అంచుకు ఇటూ అటూ, మూల చుట్టూ సన్నని మెరుపు కనిపించాలి. మెరుపు అంచుకు 5 మి.మీ. వెనక ఎక్కడో ఉంటే నూనె ఖర్చవుతోందే తప్ప పని జరగడం లేదన్నమాట. గొట్టాన్ని మళ్లీ వంచి మళ్లీ చూడండి. నేను ఒక్కో హోల్డర్‌కు అయిదారుసార్లు ఇలా సరిచేసుకున్న సందర్భాలు ఉన్నాయి. కుదిరిన తరువాత గొట్టం మీద, హోల్డర్ మీద కలిసేలా ఒక గీత గీయండి. కదిలితే ఆ గీత చెబుతుంది.

ఎంత నూనె వెళుతోందో కొలవడం

పరికరం మీది నాబ్ గుర్తులను నమ్మకండి. నూనె చిక్కదనం వేడిని బట్టి మారుతుంది కనుక డిసెంబరులో పెట్టిన గుర్తు మే నెలలో అదే పరిమాణాన్ని ఇవ్వదు. మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి తెచ్చుకోండి. నాజిల్ దగ్గర గాలి గొట్టాన్ని విడదీసి, నూనె గొట్టం చివరను సిరంజి గొట్టంలోకి పెట్టి, పంపును సరిగ్గా పది నిమిషాలు నడపండి. 5 మిల్లీలీటర్లు చేరితే గంటకు 30 మిల్లీలీటర్లు వెళుతున్నట్టు. మన ఈఎన్8 రఫింగ్‌కు (మొదటి ముతక కోతకు) అక్కడ మొదలుపెట్టండి. ఫినిషింగ్‌కు (చివరి నున్నని కోతకు) 15 నుంచి 20 సరిపోతాయి.

తరువాత గాలి కలిపి, ఒక తెల్ల కాగితాన్ని నాజిల్‌కు 25 మి.మీ. ఎదురుగా పది సెకన్లు పట్టండి. కాగితం మీద రూపాయి నాణెం అంత మేర నూనె మెరుపు ఒకే తీరుగా పరచుకోవాలి. నూనె కిందికి కారితే ఎక్కువైనట్టు, విడివిడి చుక్కలుగా పడితే గాలి తక్కువైనట్టు. రెండు వారాలకొకసారి, నూనె డబ్బా మార్చిన ప్రతిసారీ, ఈ రెండు పరీక్షలనూ మళ్లీ చేయండి.

ప్రోగ్రామ్‌లో స్ప్రేను, కూలెంట్‌ను తెరిచే ఆజ్ఞ అయిన ఎం08తోనే నడిపించుకోవచ్చు. కూలెంట్ పంపుకు వెళ్లే సిగ్నల్‌ను ఎలక్ట్రీషియన్ చేత సోలినాయిడ్ వాల్వ్‌కు కలిపిస్తే చాలు. అయితే ఎం08 ఇచ్చిన వెంటనే నూనె అంచుకు రాదు. గొట్టంలో ప్రయాణించడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. టూల్ జాబ్‌ను తాకడానికి అంత ముందుగానే ఎం08 వచ్చేలా వరుస మార్చండి, వీలు కాకపోతే టూల్‌ను ఆపే ఆజ్ఞ జి04తో రెండు సెకన్లు ఆపండి. ప్రతి జాబ్ మొదట్లో రెండు సెకన్లు ఎండు కోత పడుతూ ఉంటే ఇన్సర్ట్ ఎందుకు పోతోందో ఎంత వెతికినా దొరకదు.

ఇన్సర్ట్, స్పీడ్, ఫీడ్

టర్నింగ్‌కు అల్యూమినా పొర ఉన్న, ఉక్కు కోతకు ఉద్దేశించిన పీ15 నుంచి పీ25 గ్రేడు ఇన్సర్టులు, మిల్లింగ్‌కు, డ్రిల్లింగ్‌కు టైటానియం అల్యూమినియం నైట్రైడ్ కోటింగ్ ఉన్నవి తీసుకోండి. ఈ రెండో కోటింగ్ వేడెక్కినప్పుడు తన మీద తానే అల్యూమినియం ఆక్సైడ్ పొరను ఏర్పరచుకుంటుంది కాబట్టి తక్కువ నూనెతో చేసే కోతకు బాగా నప్పుతుంది. చిప్‌బ్రేకర్ (చిప్‌ను వంచి విరిచే ఇన్సర్ట్ మీది గాడి) పదునుగా, చిప్‌ను తేలికగా వంచేదిగా ఉండాలి.

ధారతో నడిపిన స్పీడ్, ఫీడ్‌లతోనే మొదలుపెట్టండి. భయపడి స్పీడ్‌ను సగానికి తగ్గించకండి. స్పీడ్ మరీ తగ్గితే ఉక్కు ఇన్సర్ట్ అంచుకు అంటుకుని, ఊడి, మళ్లీ అంటుకుంటూ ఉపరితలాన్ని గరుకుగా చేస్తుంది. అలా గరుకు వస్తే చాలామంది నూనె పెంచుతారు. నిజానికి పెంచవలసింది స్పీడ్. ఫీడ్‌ను కూడా తగ్గించకండి. పలుచని చిప్ కంటే మందమైన చిప్ వేడిని బాగా మోస్తుంది, అంతే లోహాన్ని కోయడానికి తక్కువసార్లు రాసుకుంటుంది.

చిప్ రంగును చదవడం అలవాటు చేసుకోండి. ఈఎన్8 చిప్ ఎండుగడ్డి రంగు నుంచి నీలం దాకా ఉంటే, చిన్న కామాల్లా విరుగుతూ ఉంటే కోత బాగున్నట్టే. మసక బూడిద రంగులోకి మారి నిప్పురవ్వలు కనిపిస్తే స్పీడ్‌ను 10 నుంచి 15 శాతం తగ్గించండి. పొడవాటి దారాల్లా వస్తే ఫీడ్ పెంచండి లేదా చిప్‌బ్రేకర్ మార్చండి. పొగ లేస్తుంటే నూనె ఎక్కువైందేమో ముందు చూడండి.

అంచును ప్రతి పది జాబ్‌లకు ఒకసారి భూతద్దంతో చూసి, పక్కముఖం మీది అరుగుదల వెడల్పు 0.3 మి.మీ.కు చేరినప్పుడు తిప్పండి. ఒక్కో అంచుకు ఎన్ని జాబ్‌లు వచ్చాయో పుస్తకంలో రాయండి. ధారతో వచ్చిన లెక్క కూడా అదే పుస్తకంలో ఉంటే తప్ప కొత్త పద్ధతి మేలో కీడో చెప్పలేరు.

కొలత తీసే ముందు ఆగండి

కూలెంట్ ఉన్నప్పుడు జాబ్ గది వేడికి దగ్గరగానే బయటికి వచ్చేది. ఇప్పుడు చేతికి వెచ్చగా తగులుతుంది. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 50 మి.మీ. వ్యాసం ఉన్న జాబ్ గది కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే అది 12 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. 50 మి.మీ. వ్యాసంతో, హెచ్6 కొలత తరగతిలో ఉండే బేరింగ్ సీటుకు ఉన్న మొత్తం టాలరెన్సే (అనుమతించిన కొలత తేడాయే) 16 మైక్రాన్లు.

నేను పనిచేసిన ఒక షాపులో మొదటిసారి ఎంక్యూఎల్ పెట్టినప్పుడు ఒక షిఫ్టు మొత్తం షాఫ్టులను మెషీన్ మీదే మైక్రోమీటరుతో కొలిచి, టాలరెన్స్ మధ్యకు ఆఫ్‌సెట్ (మెషీన్‌లోని టూల్ సవరణ అంకె) సరిచేసుకుంటూ నడిపాం. కొలిచినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరునాడు ఉదయం ఇన్‌స్పెక్షన్‌లో చాలా భాగం కింది హద్దు దాటి చిన్నవిగా తేలాయి. ఎవరి కొలతా తప్పు కాదు. రాత్రంతా చల్లారి అవి తమ అసలు సైజుకు చేరాయి, అంతే. ఆ షాఫ్టులను కుప్పగా పోసిన ట్రే నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

అందువల్ల ఇలా చేయండి. రఫింగ్, ఫినిషింగ్ వేరు చేసి, వాటి మధ్య జాబ్ చల్లారే వ్యవధి ఇవ్వండి. అన్ని జాబ్‌లకు రఫింగ్ పూర్తి చేశాక ఫినిషింగ్ మొదలుపెట్టడం తేలికైన మార్గం. ఫినిషింగ్ అయిన జాబ్‌ను మందపాటి అల్యూమినియం పలక మీద పెడితే త్వరగా చల్లారుతుంది. మైక్రోమీటర్, జాబ్ ఒకే వేడిలో ఉన్నప్పుడే చివరి కొలత తీయండి. ఉదయం స్పిండిల్‌ను 15, 20 నిమిషాలు ఖాళీగా తిప్పి వేడెక్కించాకే సైజు పట్టుకోండి. మెషీన్‌ను ఒకే వేడిలో ఉంచిన కూలెంట్ ఇప్పుడు లేదు.

మిల్లింగ్, డ్రిల్లింగ్, ట్యాపింగ్

మిల్లింగ్‌లో పన్ను కోతలో ఉన్నప్పుడు నూనె లోపలికి చేరదు. కోత నుంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లేలోపు ఉండే ఖాళీ దారిలో పన్ను మీద తుంపర పడేలా నాజిల్ పెట్టండి. పాకెట్ లోపల కోస్తున్నప్పుడు చిప్స్ బయటికి పోవు, పన్ను వాటినే మళ్లీ కొరుకుతుంది. అక్కడ నూనె పెంచకుండా గాలి మాత్రమే ఇచ్చే రెండో నాజిల్ పెట్టుకోండి.

డ్రిల్లింగ్‌లో వ్యాసానికి మూడింతల లోతు దాటితే బయటి స్ప్రే మొనకు అందదు. లోపల రంధ్రాలున్న కార్బైడ్ డ్రిల్, స్పిండిల్ గుండా నూనె పంపే ఏర్పాటు ఉంటేనే అంతకంటే లోతుకు వెళ్లండి. ట్యాపింగ్‌కు ప్రతి రంధ్రానికి రెండు చుక్కల చిక్కని నూనె చాలు.

మామూలు లేత్ మాత్రమే ఉన్నవారు ఖరీదైన పరికరం లేకుండానే ఈ దారిలోకి రావచ్చు. క్యారేజ్ మీద చిన్న డ్రాపర్ సీసా బిగించి, దాని సన్నని గొట్టాన్ని అంచు దగ్గరికి తెచ్చి, నిమిషానికి పది పన్నెండు చుక్కలు పడేలా కుళాయిని సరిచేయండి. బ్రష్‌తో రాస్తే మాత్రం బ్రష్‌ను తిరిగే జాబ్ మీదికి పోనివ్వకండి. చిప్ దాన్ని లాక్కుంటే వేళ్లూ వెంట వెళతాయి.

తుంపర, మంట, తుప్పు

నూనె తక్కువైనంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు. కూలెంట్ తుంపర గాలిలో ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికాలో పనివారి ఆరోగ్య భద్రతను చూసే నియోష్ సంస్థ 1998లో సిఫారసు చేసింది. కొలిచే పరికరం లేకపోయినా ఒక పరీక్ష చేయవచ్చు. సాయంత్రం దీపాలు తగ్గించి, మెషీన్ డోర్ తెరిచిన క్షణంలో టార్చి వెలుతురును పక్కవాటుగా వేయండి. ఆ వెలుతురు దారిలో పొగమంచులా తెరలు కనిపిస్తే ఆపరేటర్ దాన్నే పీలుస్తున్నాడని అర్థం. ముందు నూనెను తగ్గించి, గురిని సరిచూడండి. అప్పటికీ తగ్గకపోతే తుంపరను పీల్చుకునే మిస్ట్ కలెక్టర్ పెట్టండి. జాబ్ అయ్యాక పది సెకన్లు ఆగి డోర్ తీయడం కూడా చాలా మేలు చేస్తుంది. తలుపులు లేని మెషీన్ మీద గంటల తరబడి స్ప్రే నడపకండి.

నూనె అంటిన వేడి చిప్స్‌ను గుడ్డపేలికలతో కలిపి ఒకే డబ్బాలో వేయకండి. పక్కనే వెల్డింగ్, గ్రైండర్ రవ్వలు లేకుండా చూసుకోండి. డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ చేతికి అందే దూరంలో ఉండాలి. చిప్స్ దాదాపు పొడిగా ఉంటాయి కనుక స్క్రాప్ కొనేవారితో తేమ కింద బరువు కోయవద్దని గట్టిగా మాట్లాడండి.

సాల్యుబుల్ ఆయిల్‌లో తుప్పు పట్టనివ్వని మందు ఉండేది. ఎంక్యూఎల్ వదిలే పొర అంత పలుచగా ఉండేసరికి, తేమ ఉన్న రోజున జాబ్‌లు రాత్రికి రాత్రే ఎర్రబడతాయి. కొలత అయిన వెంటనే, అదే షిఫ్టులో, ప్రతి జాబ్‌నూ తుప్పు నిరోధక నూనెలో ముంచి తీసి, కారనిచ్చి, కాగితం చుట్టి పెట్టెలో పెట్టండి. చెమట చేతులతో ముట్టుకుంటే వేలిముద్రల దగ్గరే తుప్పు మొదలవుతుంది కాబట్టి ఆ పనికి గ్లౌజులు వేసుకోండి.